‘గామె ఏమంటున్నది బిడ్డా?’

మధ్యాహ్నం ముస్తాబాద్ బడిలో మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. నేను బడిలో ఉండే వేళ ఆమె ఎన్నడూ చెయ్యదు. ఎత్తగానే, "వదినా, బాపు పోయిండు" అన్నది. ఆ తర్వాత ఫోన్లో ఆమె ఊపిరి మాత్రం వినబడుతూ ఉంది. పిల్లలు ఎక్కం ఆపి నా మొహం చూస్తున్నారు.

సిరిసిల్ల ఆటోలో నా పక్కన ఒక పెద్దామె కూర్చుంది. ఎందుకేడుస్తున్నవని అడిగితే, "మా మామ పోయిండు" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "మేనమామనా?" అంది. కాదు, మొగుని తండ్రి అన్నాను. "మొగుని తండ్రికేనా గింతగనం!" అని ఆమె ఆశ్చర్యపోయింది. చెయ్యి మాత్రం వదల్లేదు. ఆమెకు ఆ ఆటోలో చెప్పలేకపోయింది ఇక్కడ చెప్పాలని కూర్చున్నాను.

మామ బతుకంతా సాంచెల మధ్య గడిచింది. మరమగ్గాలను సిరిసిల్లలో అలాగే అంటారు. చిన్నప్పుడు తండ్రి పక్కన చేతిమగ్గం మీద నేర్చుకున్న మనిషి, చేతిమగ్గాలు మూలపడ్డాక సాంచెల దగ్గర నిలబడ్డారు. ఆ చప్పుడులో చెవులు మెల్లమెల్లగా పోయాయి. ఎప్పుడు పోయాయో ఆయనకే తెలియదు. "అండ్ల పనిచేసేటోళ్లందరం ఒర్రుకుంటనే మాట్లాడుకుంటం. ఎవనికి ఇనవడుతలేదో ఎట్ల తెలుస్తది?" అనేవారు.

నాకూ మొదట తెలియలేదు. మాది కోరుట్ల. పెళ్లై వచ్చిన కొద్దిరోజులకే మా ఆయన దుబాయి వెళ్లిపోయాడు. అత్తమ్మ నా పెళ్లికి ముందే పోయారు. ఇంట్లో నేనూ, మామా. "మామా, చాయ్" అంటే వెనక్కి తిరిగేవారు కాదు. ఈయనకు ఇంత గర్వమా అనుకున్నాను. ఒక సాయంత్రం ఆయన టీవీ ముందు కూర్చుని తనలో తాను నవ్వుకుంటున్నారు. తెర మీద బొమ్మలు కదులుతున్నాయి, సౌండు లేదు. నేను రిమోట్ తీసుకుని పెంచాను. ఆయన కదల్లేదు. ఇంకా పెంచాను. గోడ అవతలి నుంచి పక్కింటామె "ఏందే గా లొల్లి!" అని కేకేసింది. అప్పుడర్థమైంది నాకు. ఎదురుగా వెళ్లి నిలబడి, "చాయ్ తాగుతరా మామా?" అని మెల్లగా అడిగాను. నా పెదవులు చూసి, "తాగుత బిడ్డా" అన్నారు. తెర మీద సౌండు గీతలు కనబడ్డట్టున్నాయి. రిమోట్ తీసుకుని మొత్తం తగ్గించేశారు. "సౌండెందుకు, కరెంటు దండుగ."

మా వాడలో ఏ సీరియల్ చూడాలో, ఏది మానుకోవాలో చెప్పే మనిషి ఆయనే. వినబడని మనిషి చెప్పడమేమిటని కొత్తవాళ్లు నవ్వేవారు. పాతవాళ్లు నవ్వేవారు కాదు. మామకు సీరియళ్ల పేర్లు తెలియవు. ఏడింటిది, ఏడున్నరది, ముక్కుపుల్ల పోరిది, అన్నదమ్ముల లొల్లిది. అంతే. మాటలు లేవు కాబట్టి మనుషులను చూసేవారు. "గీమె కండ్లెంబడి నీళ్లు కారుతున్నయి గని మెడ చూడు, కదులుతలేదు. ఏడుపు గొంతుల ఉంటది, కండ్లల్ల గాదు. గిది సూడకు" అని తేల్చేసేవారు.

ఎవరికి ఏది పడుతుందో కూడా ఆయనకో లెక్క. కోడలితో పడని ఎదురింటామెకు, "నువ్వు ఏడున్నరది ఇడిసిపెట్టు చెల్లె, కడుపుల మంట లేస్తది. పొద్దుగాల వంటల పోగ్రాం సూడు" అని చెప్పారు. గల్ఫ్‌లో కంపెనీ మూతపడి ఉత్త చేతులతో తిరిగొచ్చిన ఒకతను పగలంతా అరుగు మీద కూర్చుని రోడ్డు చూస్తూ ఉండేవాడు. మామ అతన్ని లోపలికి పిలిచి జంతువుల చానల్ పెట్టారు. ఒక పులి లేడి వెంట పరిగెత్తి, అందక, ఆయాసపడుతూ గడ్డిలో కూలబడింది. "సూడు, పులికి గూడ ఉరికినప్పుడల్లా దొరుకది. సిగ్గుపడుతున్నదా?" అన్నారు. అతను మర్నాడు కూడా వచ్చి కూర్చున్నాడు.

తప్పులూ చేసేవారు. ఒక సీరియల్లో అన్నాచెల్లెళ్లను చాలా కాలం మొగుడూ పెళ్లాలనుకున్నారు. నేను చెప్తే నమ్మలేదు. చివరికి, "అయితే గా పిలగాని మార్చుమను. చెల్లెను గట్ల సూస్తరా ఎవలన్న?" అని కోపగించుకున్నారు. ఈ సంగతి జగిత్యాలలో ఉండే ఆడబిడ్డకు వీడియో కాల్‌లో చెప్తే ఆమె పడీ పడీ నవ్వింది. ఆ అబ్బాయి ఆమెకు ఇష్టమైన నటుడు. తండ్రీబిడ్డలు వాడి గురించి నా నోటి మీదుగా పోట్లాడుకునేవారు. ఫోన్ తెర మీద బిడ్డ పెదవులు ఆయనకు అందేవి కావు. ఆమె ఏది చెప్పినా నేను తిరిగి చెప్పాలి. "అది మొదటి నుంచి ఆగమాగం మాట్లాడుతది, నోరు తెరవకుంట" అని విసుక్కునేవారు.

మా ఆయన సెలవు మీద వచ్చినప్పుడు చెవి మిషన్ తెచ్చాడు. మామ ఒక పూట పెట్టుకుని తీసేశారు. "టీవీల మాటల కంటె ఫ్యాను సప్పుడే ఎక్కువ ఇనవడుతున్నదిరా" అన్నారు. కొడుకు చిన్నబుచ్చుకోకుండా, "మంచిదే తెచ్చినవు, నా చెవులే పాతయి" అని కూడా అన్నారు.

తర్వాత నాకు నెలలు నిండాయి. పురిటికి కోరుట్ల వెళ్లాను. బిడ్డ కడుపులోనే పోయింది.

దాని గురించి ఇంతకన్నా రాయలేను. ఆస్పత్రి నుంచి అమ్మ ఇంటికి తెచ్చాక నేను మాట్లాడటం మానేశాను. కావాలని కాదు. నోటిదాకా ఏదీ వచ్చేది కాదు. అమ్మ బీడీలు చుడుతూ కూర్చుని, చుట్టిందే మళ్లీ విప్పుతూ, నన్ను చూసి ఏడ్చేది. దుబాయి నుంచి ఫోన్ వస్తే అమ్మే మాట్లాడేది.

ఒకరోజు మామ సిరిసిల్ల నుంచి బస్సెక్కి వచ్చారు. నన్ను ఏమీ అడగలేదు. కాళ్లు కడుక్కుని, కుర్చీ నా మంచం పక్కకు లాక్కుని, టీవీ పెట్టుమన్నారు. ఏదో సీరియల్ వస్తోంది. కాసేపు చూసి నా వైపు తిరిగారు.

"గామె ఏమంటున్నది బిడ్డా?"

అమ్మ బీడీల చాట పక్కన పెట్టి, దగ్గరికొచ్చి, గట్టిగా చెప్పబోయింది. మామ చెయ్యి అడ్డం పెట్టారు. "నీ మాట నాకు సమజ్ గాదు చెల్లె. నాకు బిడ్డ పెదవులే అలవాటైనయి." మళ్లీ నన్నే చూస్తూ, "చెప్పు బిడ్డా. గామె గింత కోపానికొస్తున్నది, ఏందట?"

ఆయన చూపు తిప్పలేదు. ఆఖరికి నా నోట్లోంచి, "తాళంచెవి దొరుకుతలేదంట" అని వచ్చింది. అన్ని రోజుల తర్వాత నేను మాట్లాడిన మొదటి మాట అదే. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. "తాళంచెవికేనా గీ లొల్లి!" అన్నారు మామ, ఏమీ జరగనట్టు.

కొన్ని రోజులు అక్కడే ఉన్నారు. వియ్యాలవారింట్లో మగమనిషి అన్ని రోజులు ఉండటమేమిటని చుట్టాలు గుసగుసలాడారు. వినబడలేదు కాబట్టి ఆయనకు బాధ లేదు. తెల్లారితే టీవీ, ప్రతి మాటకూ "ఏమన్నడు, ఏమన్నది". మొదట ఒక్కో మాట చెప్పేదాన్ని, తర్వాత ఒక్కో వాక్యం. చాలాకాలం తర్వాత ఈ సంగతి ఫోన్లో మా ఆయనకు చెప్తే, "బాపు మమ్ములను ఎన్నడు గట్ల అడగలే. సూసుకుంట ఊకుండేటోడు" అన్నాడు. ఎందుకు అడగలేదని మామను అడిగాను. "అప్పుడు కండ్లద్దాలు బాగలేకుండె" అన్నారు.

సిరిసిల్లకు తిరిగొచ్చాక కూడా ఆ అలవాటు మిగిలింది. బడి నుంచి వచ్చి వంట చేసి, ఇద్దరం కూర్చునేవాళ్లం. ఒక సాయంత్రం ఏడున్నరదాంట్లో ఒకామెకు బిడ్డ పుట్టి పోయింది. ఆస్పత్రి మంచం కనబడగానే మామ రిమోట్ కోసం తడుముకున్నారు. "ఉండనియ్యుండ్రి" అన్నాను. ఆమె ఏడుస్తూ ఏదో అంటోంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. బిడ్డ తల నిండా వెంట్రుకలున్నయంట మామా. ఒక్కసారి ఎత్తుకుంటనంటె వద్దన్నరంట. బట్టల చుట్టి తీస్కపోయిండ్రంట. మొహం సరిగ సూడలేదంట. పాలు పడ్డయంట, ఎవలకిస్తదట? అలా చెబుతూ తెర వైపు చూశాను. అక్కడ సబ్బు ప్రకటన వస్తోంది. మామ టీవీ చూడటం లేదు, నా పెదవులు చూస్తున్నారు.

నేను ఆగాక మామ అడిగారు. "ఆడివిల్లనా, మొగపిలగాడా బిడ్డా?"

అంతవరకు ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. అడగకపోతేనే నాకు మంచిదని అందరూ అనుకున్నారు. "ఆడివిల్ల" అన్నాను.

"పేరు అనుకున్నవా?"

చెప్పాను. ఆయన ఆ పేరును ఒకసారి పెదవులతో, ఒకసారి పైకి అన్నారు. సరిగ్గా పలికానా అన్నట్టు నన్ను చూశారు. తల ఊపాను. ఆ పేరును ఇంకొకరి నోట వినడం నాకు అదే మొదలు.

పోయినేడాది మామకు దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తులు బాగా పాడయ్యాయన్నారు డాక్టరు. ఆస్పత్రులు తిరిగి తిరిగి, ఆక్సిజన్ మిషన్ ఇంటికే తెచ్చుకున్నాం. గాలి చాలక గొంతు పోయింది. పెదవులు మాత్రం కదిలేవి. ఇన్నేళ్లూ నా పెదవులు చదివిన మనిషి పెదవులు ఇప్పుడు నేను చదవాల్సి వచ్చింది. పోవడానికి వారం ముందు కూడా టీవీ వైపు చెయ్యి చూపించి, కొత్తది మొదలైతదట, అండ్ల చిన్న పోరి మొహం మంచిగున్నది, ఇడువకు అని చెప్పారు. అది మొదలైంది. నేనింకా చూడలేదు.

బడి మానేసి ఇంట్లోనే ఉంటానంటే మామ ఒప్పుకోలేదు. అందుకే ఆడబిడ్డ జగిత్యాల నుంచి వచ్చి పగలు తోడుండేది. పోయేటప్పుడు దగ్గర ఆమె ఒక్కతే ఉంది.

మా ఆయన మర్నాడు దిగాడు. దహనమైంది, దినాలైనాయి, చుట్టాలు వెళ్లిపోయారు. ఆడబిడ్డ కూడా సాయంత్రం బస్సుకు వెళ్లాలి. మధ్యాహ్నం బట్టలు సర్దుకుంటున్నదల్లా వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"వదినా, బాపు ఆఖరికి ఏమో అన్నడు. నాకు సమజ్ కాలే."

ఇన్ని రోజులూ ఆమె ఈ మాట లోపలే పెట్టుకుని తిరిగింది. "నువ్వుంటె తెలిసేది" అంది. "నేను మల్ల అడిగిన. మల్ల గట్లనే అన్నడు. చెవి నోటి దగ్గర పెట్టిన, సప్పుడు రాలే. మంచినీళ్లు అడిగిండేమో వదినా. నేను నీళ్లియ్యలే."

"ఎట్లన్నడో చేసి సూపెట్టు" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని, పెదవులు మూసి, తెరిచింది. ఇంకోసారి చెయ్యమన్నాను. మళ్లీ మూసి, తెరిచింది. మ అనాలన్నా, బ అనాలన్నా పెదవులు అట్లాగే మూసుకుంటాయి. మంచినీళ్లే కావచ్చు. మిషన్ బంద్ పెట్టమన్నారేమో. నాకు తెలియలేదు. ఆమె నా మొహంలోకి చూస్తోంది.

"నీళ్లు గాదు" అన్నాను. "బిడ్డా అన్నడు. నిన్నే పిలిచిండు."

"నిజమేనా వదినా?"

"నాకు తెల్వదా?"

బస్సుకు వేళవుతోందని మా ఆయన బయటి నుంచి పిలిచాడు. ఆమె లేవలేదు. గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, చప్పుడు లేకుండా ఆ మాటను పెదవుల మీద పలికి చూసుకుంటోంది. మూసి, తెరిచి. మళ్లీ మూసి, తెరిచి.