మామ సూపర్‌కారు, పెరుగు క్యాన్లు

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో మా మేనమామ ఒక సూపర్‌కారు కొన్నాడు. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, లారీ క్లీనర్‌గా మొదలై, ఇరవై లారీలకు ఓనరైన మనిషి. ఎవరో షోకుగా తిప్పి అమ్మేసిన పసుపుపచ్చ బండి అది. రెండే సీట్లు. అల్మాస్‌గూడ ఇంట్లో మేం ఆరుగురం.

"మిగిలినోళ్లం దాని ఎనకాల ఉరుకాల్నా?" అంది అత్త.

నేను వాళ్లింట్లో ఉండి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు వెళ్లేదాన్ని. మామ రోజూ కారులో దింపేవాడు. నా మీద ప్రేమ ఉండేది కానీ, నాతో పని కూడా ఉండేది. బండి పొట్ట నేలకు జానెడు ఎత్తు కూడా లేదు. స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా నేను దిగి, టైర్ల ముందు రెండు చెక్కలు వేసి, బండి దాటాక వాటిని తీసుకుని మళ్లీ ఎక్కాలి. బస్సులో వెళ్తే ముందే చేరేదాన్ని.

ఒకరోజు ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు. ఉద్యమకారులు నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. మా కారు ఆపేశారు.

"నేను గూడ తెలంగాణోన్నే తమ్మీ," అన్నాడు మామ.

"అయితే దిగన్నా. ఉల్లిగడ్డలు కొయ్యి."

దిగాడు. తెల్లచొక్కా చేతులు మడిచి, కళ్లు తుడుచుకుంటూ ఒక గంప ఉల్లిగడ్డలు కోశాడు. నేనూ పక్కనే కూర్చున్నా. కాసేపటికి అన్నం ఉడుకుతున్న గంజు దగ్గరున్న పెద్దమ్మ వచ్చి, "గింతమందికి పెరుగు సాలదు కొడుకా. నీ బండి మస్తు ఉరుకుతదంట గద, జర తేపో," అంది.

మామ ముఖం వెలిగిపోయింది.

తుర్కయంజాల్‌లో తెలిసినవాళ్ల బర్రెల షెడ్డు ఉంది. బండ్లన్నీ ఆగిపోవడంతో సాగర్ రోడ్డు ఖాళీ. మామ గట్టిగా తొక్కాడు. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. అంత వేగం ఆ బండిలో నేనెన్నడూ చూడలేదు. ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం, స్పీడ్‌బ్రేకర్ వచ్చేదాకా. నేను దిగి చెక్కలు వేస్తుంటే, మేం దాటేసి వచ్చిన మోపెడ్ ఆయన ఖాళీ పాల క్యాన్లతో చప్పుడు చేసుకుంటూ ముందుకు పోయాడు. మళ్లీ దాటాం. మళ్లీ స్పీడ్‌బ్రేకర్. మూడోసారి ఆయన ఆగి, "ఇటియ్యి బిడ్డా, నేనేస్త," అని చెక్కలు అందుకున్నాడు. ముగ్గురం దాదాపు ఒకేసారి షెడ్డుకు చేరాం.

నాలుగు క్యాన్ల పెరుగు తీసుకున్నాం. కారు డిక్కీ ముందువైపు ఉంటుంది. అందులో ఒక క్యాను కూడా పట్టలేదు. రెండు క్యాన్లు నా కాళ్ల మధ్య ఇరికించుకున్నా. మిగిలిన రెండూ మోపెడ్ ఆయన తెచ్చాడు, దారిలో చెక్కలూ ఆయనే వేశాడు. వచ్చేటప్పుడు మామ ఎంత మెల్లగా నడిపినా నా సల్వార్ మోకాళ్లదాకా పెరుగే. మామ పాట అందుకున్నాడు.

చౌరస్తాలో చప్పట్లు. రోడ్డు మీదే విస్తళ్లు వేసుకుని అందరం తిన్నాం. మోపెడ్ ఆయనకు మామే స్వయంగా వడ్డించాడు. తర్వాత పెద్దమ్మ కారెక్కి చూస్తానంది. చిన్న చక్కర్ కొట్టించి తెచ్చాక, ఇద్దరం చేతులు పట్టి లాగితే గానీ పైకి లేవలేకపోయింది.

"గింత పెద్ద బండి కొని నేలమీద కూసోవెడ్తివేంది కొడుకా?" అంది.

అందరికంటే గట్టిగా మామే నవ్వాడు.

ఏడాది తర్వాత దాన్ని అమ్మి ఏడు సీట్ల బండి తెచ్చాడు. అత్త ముందుసీట్లో కూర్చుని, స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా, "ఆపకు, పోనియ్యి," అనేది.