కార్డు మీద నడుము

ఆ కుట్టుహాల్లో అందరూ ఆమెను టేపక్క అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. భోజనానికి కూర్చున్నా తీయదు. ఎదిగే పిల్లల బట్టలు కుట్టే ఆ కంపెనీలో ఆమెది చెయ్యి తిరిగిన పని. గుడ్డ పట్టుకుని చూసి ఎంతుందో చెప్పేస్తుంది. అయినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంత కచ్చితం నిలవదు. ఈ కథంతా అక్కడే వచ్చింది.

అన్న కూతుర్ని ఈ హాల్లోకి తెచ్చింది టేపక్కే. పదమూడేళ్లకే నిట్టాడులా ఎదిగిన పిల్ల. అసలు పేరు రిజిస్టరుకే పరిమితం, ఇంటా బయటా అందరికీ "పొడుగు". బళ్లో ఫొటో తీసిన ప్రతిసారీ వెనక వరసలో ఓ మూలకి తోసేవారట. కొత్త నమూనా బట్టలు తొడిగి చూడ్డానికి ఎవరో ఒక పిల్ల కావాల్సొచ్చి, సెలవుల్లో ఇంట్లో ఊరికే కూర్చోవడమెందుకని టేపక్క వెంటబెట్టుకొచ్చింది. ఏదో పనిమీద వచ్చిన ఫొటోగ్రాఫరు, కిటికీ దగ్గర గౌను వేసుకుని బిక్కమొహంతో నిలబడ్డ పిల్లని చూసి, వచ్చిన పని మరిచిపోయాడు.

రెండేళ్లు తిరిగేసరికి బస్టాపుల్లో పొడుగు, దుకాణాల అద్దాల మీద పొడుగు. ఆడపిల్లలు ఆమెలాగే జుట్టంతా ఒక పక్కకి వేసుకుని బడికి పోవడం మొదలుపెట్టారు. మూలకి తోసిన టీచరే పిలిచి మరీ పక్కన నిలబడి ఫొటో తీయించుకుంది. పిల్ల తండ్రి బస్సు డ్రైవరు, నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాడు తన బస్సు వెనక ఉన్నది తన కూతురి బొమ్మేనని, అడగకపోయినా ప్రయాణికులకి చెప్పేవాడు. అదే ఇంట్లో ఉండే టేపక్కకైతే కాళ్లు నేలమీద నిలవలేదు.

కంపెనీలో ఒక పద్ధతి ఉంది. ప్రతినెలా మొదటి సోమవారం మోడల్ కొలతలు తీసి కార్డు మీద రాయాలి. కొత్త బట్టలన్నీ ఆ కార్డు చూసే కత్తిరిస్తారు. నడుము అంగుళం పెరిగిందంటే కార్డు మేనేజర్ మేడమ్ బల్ల మీదికి పోతుంది, పిల్ల ఇంటికి పోతుంది. కొలిచేదీ, రాసేదీ టేపక్కే.

పదహారో ఏట ఒక సోమవారం టేపు ఒకటిన్నర అంగుళం ఎక్కువ చూపించింది. టేపక్క మళ్లీ కొలిచింది. అంతే ఉంది. ఎదిగే వయసు, ఎదగక ఏం చేస్తుంది? ఎదిగే పిల్లల బట్టలు కుట్టే హాల్లో ఆ మాట పైకి అనే ధైర్యం ఒక్కరికీ లేదు.

"ఎంతుందత్తా?" అంది పొడుగు.

"ఎప్పుడూ ఉండేంతే" అని పాత అంకే రాసేసింది.

అక్కణ్నుంచి మొదలయ్యాయి పాట్లు. బట్టలు పాత అంకెకే కుట్టి వచ్చేవి. పిల్ల వచ్చేలోపు టేపక్క పక్కకుట్లు విప్పి, లోపల వదిలిన గుడ్డ బయటికి లాగి మళ్లీ కుట్టేది. పైకి దారప్పోగంత తేడా కనబడేది కాదు. పొడుగు వేసుకుని అద్దంలో చూసుకుని "అతికినట్టు సరిపోయిందత్తా" అనేది. నాలుగు నెలలు అలాగే నెట్టుకొచ్చింది. అబద్ధం ఆడుతున్నానని టేపక్క ఒక్కరోజూ అనుకోలేదు. పిల్లని కాపాడుతున్నానే అనుకుంది. పిచ్చిమనిషి!

ఐదో నెలలో టేపక్క జ్వరంతో మూడు రోజులు మంచం దిగలేదు. కొత్త గౌన్ల ఫొటోలు సరిగ్గా అప్పుడే పెట్టారు. పొడుగుకి తొడగడానికి టేపక్క బదులు వేరే అమ్మాయి వచ్చింది. జిప్పు సగందాకా వచ్చి మొండికేసింది. ఒక గౌను కాదు, ఆరింటికి ఆరూ అంతే. పదిమంది చూస్తుండగా వీపు దగ్గర గౌనుకి పిన్నులు పెట్టి, ముందు వైపు నుంచి ఫొటోలు కానిచ్చారు.

టేపక్క లేచి తిరిగేసరికి ఇంటి తీరే మారిపోయింది. పిల్ల భోజనం డబ్బా ఎలా వెళ్లింది అలాగే తిరిగొస్తోంది. పొద్దున ఇచ్చిన పాలు సింకులో పోస్తోంది. నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకుని నిలబడుతోంది.

"ఆ గౌన్లే తప్పుగా కుట్టారే. నా మాట విను, ఒక్క ముద్ద తిను."

"కార్డు చూసేగా కుట్టారు? కార్డు రాసింది నువ్వు. నువ్వెప్పుడైనా తప్పు కొలిచావా? వారంలో నేనే లావెక్కిపోయాను, అత్తా."

నిజం నోటిదాకా వచ్చింది. చెబితే పిల్ల పని పోతుంది, తన పనీ పోతుంది. అంతకంటే, తనమీద ఆ పిల్లకున్న గురి పోతుంది. రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు మూడు వారాలు సాగింది. పొడుగు బుగ్గలు లోపలికి పోయాయి. మొహంలో కొత్త అందం వచ్చిందని ఫొటోగ్రాఫరు మెచ్చుకున్నాడు, వాడి కళ్లు పాడుగాను.

మళ్లీ మొదటి సోమవారం వచ్చింది. గౌన్ల గొడవ విన్న మేడమ్ ఈసారి తనే వచ్చి ఎదురుగా కూర్చుంది. టేపక్క టేపు చుట్టి చూసింది. సరిగ్గా పాత అంకె. ఇన్ని నెలలూ తను రాసిన దొంగ అంకె.

"చూశావా అత్తా! నువ్వు రాసినదానికి వచ్చేశాను" అని నవ్వింది పొడుగు. నవ్వుతుంటే మెడ నరాలు తేలాయి.

టేపక్క ఇక ఆగలేకపోయింది. "ఆ అంకె అబద్ధం మేడమ్. ఐదు నెలలుగా నేనే రాస్తున్నాను. కుట్లు విప్పి సరిపెట్టాను. పిల్ల ఎదిగింది, అంతే, దాని తప్పేం లేదు. నన్ను తీసేయండి. దాన్ని తిననివ్వండి."

హాల్లో మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మేడమ్ తిడుతుందనుకుంది టేపక్క. తిట్టినా బాగుండేది.

"ఇప్పుడు టేపు ఎంత చూపించింది?" అంది మేడమ్.

టేపక్క చెప్పలేక చెప్పింది.

"మరింకేం? రాయి."

"రాయను" అంది టేపక్క. ఇరవై రెండేళ్లలో ఆ హాల్లో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. పిల్ల చెయ్యి పట్టుకుని "పద తల్లీ, ఇంటికి పోదాం" అంది.

పొడుగు చెయ్యి విడిపించుకుంది. కళ్లనిండా నీళ్లు, మొహంనిండా కోపం. "సరిపోయిందనుకుని ఎంత సంబరపడ్డానో నీకు తెలుసు కదత్తా" అంది. బల్ల మీద పెన్ను తనే అందుకుని, అంకె తనే వేసి, కార్డు మేడమ్ చేతికిచ్చింది.

"వచ్చే నెల నుంచి నన్ను ఇంకెవరినైనా కొలవమనండి మేడమ్. మా అత్త కొలిస్తే నాకు నమ్మకం లేదు."