శిరివెళ్ల దాకా బంతిపూలు

మా టీచరమ్మ పోయింది. కబురు నంద్యాల చేరి, నేను బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగేసరికి మట్టి చేసేశారు. "వానొచ్చేటట్టుండ్యా, ఎంతసేపని పెట్టుకుంటామమ్మా?" అన్నాడు ఆమె మరిది. నంద్యాలలో తన కూతురున్న సమాధుల తోటలోనే తనను పెట్టమని ఆమె ఎన్నేళ్లు మొత్తుకుందో! ఒక్కరికీ పట్టలేదు.

డెబ్భైల్లో మిషన్ బడిలో ఆమె మాకు సాంఘికశాస్త్రం చెప్పేది. ఒకరోజు బంతిపువ్వు పట్టుకొచ్చి అట్లాసులో మెక్సికో మీద పెట్టింది.

"ఇది మనకొచ్చింది ఆడ్నుంచే. తెల్లోళ్లు పోకముందే ఆ దేశపోళ్లు చచ్చిపోయినోళ్లకు పండగ చేస్తాండ్రి. చర్చి వచ్చినంక అది సమాధుల పండగతో కలిసిపాయ. నవంబరు ఒకటి పిల్లోళ్లకు, రెండు పెద్దోళ్లకు. సమాధి కాడ్నుంచి ఇంటిదాకా బంతిరెక్కలు పోస్తారు. ఆ వాసన పట్టుకోని పోయినోళ్లు ఇల్లు చేరతారంట."

"ఏడుపు పండగా టీచరమ్మా?" అన్నాను.

"కాదుమే. వండేది, తినేది, పాడేది. మరిచిపోతేనే ఏడవాల."

ఆమె ఒక్కగానొక్క కూతురు ఐదేళ్లకే జ్వరంతో పోయిందని అప్పటికి నాకు తెలియదు. తర్వాత కుందూ నది పొంగి, సమాధుల తోటలో చెక్క సిలువలన్నీ కొట్టుకుపోయాయట. మిగిలినవి గుర్తులేని దిబ్బలు. సమాధుల పండుగకు మా వాళ్లందరూ సున్నం కొట్టి కొవ్వొత్తులు పెడతారు. టీచరమ్మ వేపచెట్టు పక్క దిబ్బే కూతురిదనుకుని దానికి నాలుగేళ్లు సున్నం కొట్టింది. ఐదో ఏడు నేనూ సాయం పోయాను. డోన్ నుంచి చాన్నాళ్లకు వచ్చిన ముసలాయన ఒకాయన మమ్మల్ని ఆపాడు.

"ఇది మా నాయనదమ్మా. పొడుగు చూడు, పిల్లల గుంత ఇంతుంటాదా?"

ఆమె చూసింది. బొక్కెన వదిలేసి అక్కడే కూలబడింది. ఆ ఏడుపు నేను ఇంకెక్కడా వినలేదు.

మరుసటి ఏడు నుంచి తోట గేటు దగ్గర మొదలుపెట్టి తన గడప దాకా బంతిరెక్కలు పోసేది. మేకలు తినేస్తే మళ్లీ పోసేది. పాస్టరయ్య కోప్పడ్డాడు, చచ్చినవాళ్లు ఇంటికి రారని.

"యాడుందో నాకు తెల్దయ్యా. దానికి మా ఇల్లు తెలుసు గదా," అంది.

రిటైరయ్యాక చూసే దిక్కులేక ఆళ్లగడ్డలో మరిది పంచన చేరింది. నేను చూడబోతే చెయ్యి పట్టుకుని ఒకటే మాట: "ఇల్లు మారిపాయ. అది ఇంగ యాడికని వస్తాది మే?" పండితురాలు, మాకు భూగోళమంతా చూపించిన మనిషి!

ఆమెను మట్టి చేసిన రోజు ఆళ్లగడ్డ బజారులో తట్టెడు బంతిపూలు కొన్నాను. ఆమె పచ్చిమట్టి మీద గుప్పెడు పోసి, మిగతావి రెక్కలు తుంచి తిరుగు బస్సు కిటికీలోంచి వదులుతూ వచ్చాను.

"ఏందక్కా, పూలన్నీ రోడ్డుపాలు చేస్తాండావ్?" అన్నాడు కండక్టరు. నేను ఇంకో పువ్వు తుంచి వదిలాను.

ఎంత పొదుపుగా వేసినా శిరివెళ్లలోనే తట్ట ఖాళీ అయింది. నంద్యాల ఇంకా చాలా దూరం. చేతికి వాసన మాత్రం మిగిలింది. ఊరొచ్చేదాకా ఆ చెయ్యి కిటికీ బయటే పెట్టుకుని కూర్చున్నాను.