జాబ్‌సెంటర్‌లో మావయ్య చెప్పిన సాక్ష్యం

ఆ రోజుల్లో నా దగ్గర పుష్కలంగా ఉన్నవి రెండే: ఆకలి, ఆత్మవిశ్వాసం. రెండోది మొదటిదాన్ని తీర్చదని ఇంకా తెలియని వయసు. ఇంగ్లండులోని లీడ్స్‌లో సాయంత్రాలూ శనాదివారాలూ నేను సామాన్లు సర్దే షాపు మూతబడింది (మాంద్యం అన్నారు, నాకు మాత్రం తాళంకప్పే కనబడింది). పగలంతా కాలేజీలో, నర్సింగ్‌లో చేరడానికి కావలసిన ఏడాది కోర్సు చదువుతున్నాను. నర్సింగ్‌లో చేరితే చదువుకి సర్కారిచ్చే బర్సరీ డబ్బు వస్తుంది, కానీ చేరేదాకా గడవాలి కదా! ఇక్కడే నర్సుగా చేస్తూ నా చిన్నప్పుడే నన్ను ఇండియా నుంచి తెచ్చుకున్న అమ్మ, నా స్కూలు చదువు పూర్తికాకుండానే పోయింది. అప్పట్నుంచీ ముసలివాళ్లని చూసుకునే కేర్‌హోమ్‌లో పనిచేసే మావయ్య, అంటే అమ్మ తమ్ముడి ఫ్లాట్‌లోనే నా మకాం. "అక్క వేసుకున్న యూనిఫాం నువ్వేసుకోవాల్రా అల్లుడూ" అన్నదొక్కటే ఆయన కోరిక.

ఉద్యోగం లేనివాళ్లకి భృతి ఇస్తారని విన్నాను. నాకు ఉద్యోగం లేదు. పైగా విద్యార్థిలో అర్థి ఎటూ ఉన్నాడు. ఇంతకన్నా అర్హత ఏం కావాలనుకుని, ఆ భృతి ఇచ్చే జాబ్‌సెంటర్‌కి బయల్దేరాను. చర్చికి వేసుకునే కోటు తొడుక్కుని మావయ్యా వచ్చాడు. "ఒక్కడివే వెళితే, వీడికి పెద్దవాళ్లెవరూ లేరనుకుంటార్రా!" అన్నాడు. మా తెలుగు చర్చిలో ఆదివారం లేచి, దేవుడు చేసిన మేళ్లకి సాక్ష్యం చెప్పడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు. ఒకసారి మొదలుపెడితే పాస్టరుగారు గడియారం చూపించాల్సిందే.

అధికారిణి మంచావిడ. వివరాలన్నీ అడిగి, "రేపే ఉద్యోగం దొరికితే క్లాసులు మానేసి వెళతారా?" అంది. నేను నోరు తెరిచేలోగా మావయ్య లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకుని, గదిలో అందరికీ వినబడేలా, తన ఇంగ్లీషులో అందుకున్నాడు: "మానడు మేడమ్! జ్వరమొచ్చినా మానలేదు. వాళ్లమ్మ చనిపోయిన వారంలో కూడా పుస్తకం వదల్లేదు. పొద్దున వెళితే మళ్లీ సాయంత్రమే. ఫుల్ టైం మేడమ్, ఫుల్ టైం!" పక్క బల్ల దగ్గరి ముసలాయన టోపీ తీశాడు. ఇక ఆమెన్ అనడమొక్కటే తక్కువ.

ఆవిడ పెన్ను కింద పెట్టింది. పూర్తికాలం చదివేవాళ్లని ఉద్యోగం వెతుక్కునేవాళ్లుగా లెక్కెయ్యరనీ, భృతి కావాలంటే కోర్సు వదులుకుని, పని దొరకగానే చేరేలా ఉండాలనీ మెల్లగా చెప్పింది. ఆవిడ యాస మావయ్యకి అందలేదు. ముఖంలో సాక్ష్యం వెలుగు అలాగే ఉంది.

"మీరు చెప్పండి, మానేస్తారా?" అని ఆవిడ నన్నే అడిగింది. నా కడుపు అవునంది. నోరు మాత్రం, "మాననండీ" అంది.

బయటికొచ్చాక మావయ్య కోటు గుండీలు విప్పుకుంటూ, "ఏమందిరా? నేనేమన్నా ఎక్కువ మాట్లాడానా?" అన్నాడు.

"లేదు మావయ్యా. రూలు ఒప్పుకోదంట. నువ్వు చెప్పింది మాత్రం ఆవిడకి బాగా నచ్చింది."

"నచ్చదా మరి! పెన్ను కింద పెట్టేసిందిగా!"

ఆ ఆదివారం చర్చిలో అదే సాక్ష్యం (పాస్టరుగారు గడియారం రెండుసార్లు చూపించారు). సోమవారం మాత్రం ఎవరికీ చెప్పకుండా తన మేనేజర్ని అడిగి, డ్యూటీల పట్టికలో తన పేరు ఇంకొన్ని షిఫ్టులకి రాయించుకున్నాడు. మంచాన పడ్డవాళ్లని లేపీ దింపీ ఇంటికొచ్చి, నడుం పట్టుకుని కూర్చునేవాడు. "వద్దు మావయ్యా, నేను మానేస్తాను" అంటే, "నోర్ముయ్, మేడమ్‌కి మాటిచ్చి వచ్చాం" అనేవాడు. నేను నర్సింగ్‌లో చేరడం చూశాడు. యూనిఫాం వేసుకుని వార్డులో ఉద్యోగానికి వెళ్లడం చూడలేదు. ఆయన గుండె అంతదాకా కొట్టుకోలేదు.

ఇప్పటికీ ఒక్కోసారి, పైసా సంపాదన లేకుండా ఆ బల్ల ముందు కూర్చుని, మహారాజులా "మాననండీ" అన్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ఎంత పొగరురా నీకు, అని నవ్వొస్తుంది. ఆ పొగరుకి తిండి పెట్టిందెవరో తెలుసు కనక, ఆ నవ్వు పెదాల దాకా వచ్చి, అక్కడే కాసేపు కూర్చుండిపోతుంది.