బీరూట్ పెద్దావిడ, హోమ్స్ ఫిజియో

2024 నవంబరు చివర్లో, నేను నర్సుగా పనిచేసే అబుదాబి ఆసుపత్రికి లెబనాన్ రాజధాని బీరూట్‌కు చెందిన ఒక పెద్దావిడ వచ్చింది. ఇక్కడి కూతురింట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది. మర్నాటి నుంచి నడిపించాలి. అందుకు వెళ్లిన ఫిజియోథెరపిస్టుది సిరియా.

కాసేపటికి స్ట్రెచర్లు తోసే జగిత్యాల అన్న నా దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, గా ముసలమ్మ సిరియా సార్‌ను దగ్గరికి రానిస్తలేదు. ఏ ఊరని అడిగిందట. సిరియాల హోమ్స్ అన్నడట. బయటికి పొమ్మన్నది."

వెళ్లేసరికి ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వార్డులోనే నేర్చుకున్న నా అరబ్బీలో "ఏమైందమ్మా?" అన్నాను. ఇటు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది.

ఆమె వయసులో ఉన్నప్పుడు లెబనాన్‌లో అంతర్యుద్ధం. పక్కనున్న సిరియా ప్రభుత్వం సైన్యాన్ని పంపింది. అరబ్బులంతా ఒకే జాతి అని చెప్పే పార్టీ వాళ్లది. కొట్లాట ఆపడానికే వచ్చామన్నారు. మొదట ఒక పక్షాన నిలబడ్డారు, తర్వాత ఇంకో పక్షాన. కొట్లాట మాత్రం ఏళ్ల తరబడి సాగింది. అది ముగిశాక కూడా వాళ్లు కదల్లేదు. మొత్తం దాదాపు ముప్ఫై ఏళ్లు ఉన్నారు.

"మా తమ్ముడు కాలేజీకి పోతుంటే వాళ్ల చెక్‌పోస్టులో బస్సు దింపేశారు. మళ్లీ రాలేదు. సిరియా జైలుకు తీసుకెళ్లారని విన్నాం. చదువుకునే కళ్లజోడు ఇంట్లోనే ఉండిపోయింది. అది లేకుండా వాడికి అక్షరం ఆనదే అని మా అమ్మ ఏడ్చేది."

బయట నిలబడ్డ ఫిజియోకి ఈ మాట చెప్పాను. అతను తలదించుకున్నాడు.

"మా నాన్న అప్పుడు అక్కడే సైనికుడు, సిస్టర్. చేరక తప్పని రోజులు. ఆయనా బస్సులు ఆపే ఉంటాడు. అడిగితే లేచి వెళ్లిపోయేవాడు. తర్వాత మా బాబాయిని కూడా అదే ప్రభుత్వం పట్టుకుపోయింది."

ఆమెను నడిపించే పని తనే అడిగి ఇంకొకరికి అప్పగించాడు.

డిసెంబరులో సిరియా రాజధాని డమాస్కస్‌లో ఆ ప్రభుత్వం కూలిపోయింది. జైళ్ల తలుపులు తెరిచారు. ఆ పొద్దున నేను గదిలోకి వెళితే, పెద్దావిడ ఫోన్ కళ్లకు ఆనించుకుని, జైళ్లలోంచి బయటికొస్తున్నవాళ్ల ముఖాలు వెతుకుతోంది.

"ఆ హోమ్స్ అబ్బాయిని పిలువమ్మా" అంది.

అతను వచ్చి గుమ్మంలోనే ఆగాడు.

"నువ్వూ ఎవరి కోసమైనా చూస్తున్నావా?"

"బాబాయి కోసం, ఖాలా." పిన్నీ అని పిలిచినట్టు.

ఆమె కాస్త జరిగి మంచం మీద చోటిచ్చింది. ఇద్దరూ ఒకే ఫోన్‌లో చూశారు. ఒక్కో ముఖం దగ్గర ఆపి, కాదనుకుని, ముందుకు పోయారు. తమ్ముడూ లేడు, బాబాయీ లేడు. చివరికి అతను ఫోన్ పక్కనపెట్టి, "లేవండి ఖాలా, నాలుగడుగులు వేద్దాం" అన్నాడు. ఆమె చేయి అందించింది. నేను కళ్లు తుడుచుకుంటూ నిలబడితే, "యల్లా, త్వరగా వాకర్ తే!" అని నన్నే కసిరింది.

మరుసటి వేసవిలో అతను ఏళ్ల తర్వాత సొంతూరు వెళ్లాడు. పోయినవాళ్ల జాడ దొరకలేదు. కానీ ఈ పెద్దావిడ సంగతి విని వాళ్లమ్మ ఆమెకు ఫోన్ చేసిందట. ఇప్పుడు ప్రతి శుక్రవారం మాట్లాడుకుంటారు.

"ఏం మాట్లాడుకుంటారమ్మా?" అని అడిగాను, ఆమె చెకప్‌కు వచ్చినప్పుడు.

"మా తమ్ముడు ఎలా ఉండేవాడని అడుగుతుంది. ఇన్నేళ్లలో ఆ వైపు నుంచి ఎవరూ అడగలేదు."

తర్వాత పక్కనే ఉన్న అతని వైపు తిరిగింది. "ఈసారి బీరూట్ వెళ్లినప్పుడు అటునుంచి హోమ్స్‌కు, మీ అమ్మ దగ్గరికి వెళ్తాను. మీ ఇల్లు మూడో అంతస్తట కదా, లిఫ్టు లేదట. మెట్లు ఎక్కగలనంటావా?"

అతను నవ్వి ఆమెను మెట్ల వైపు తీసుకెళ్లాడు. "ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు పెట్టండి, ఖాలా."