నక్షత్రం గుర్తు పడిన సభ్యుడు

హిందీ మాట్లాడే ఊళ్ళో, స్టీలు ప్లాంటు టౌన్‌షిప్‌లో మాది తెలుగు క్రైస్తవ సంఘం. అందులో నా గురించి ఒక మంచి మాట చెలామణిలో ఉంది. కమిటీ పేరు కొట్టేసిన మనిషిని ఎవరికీ చెప్పకుండా నేనే మళ్ళీ సభ్యుల్లో చేర్చానట. అది నిజం కాదు. నోటితో చెబితే ఎవరూ నమ్మలేదు, అందుకే రాస్తున్నాను.

ఆయన స్టీలు ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. నాకంటే పెద్దవాడు, అన్నయ్యా అని పిలిచేవాణ్ణి. ఆదివారం బడిలో పిల్లలకు బైబిలు కథలు హిందీలో చెప్పడం ఆయన చేసిన నేరం. పిల్లలకు తెలుగు అర్థం కావడం లేదని ఆయన వాదన. తెలుగు సంఘంలో తెలుగే ఉండాలని కమిటీ తీర్మానం. సభ్యుల వివరాలు అప్పట్లో ఫాక్స్‌ప్రో అనే పాతకాలపు ప్రోగ్రాములో ఉండేవి, ఆ కంప్యూటరు నా చేతిలో ఉండేది. పేరు తీసేసింది నేనే. ఆ తర్వాత సెక్టర్ 2 మార్కెట్లో ఆయన ఎదురైనప్పుడల్లా నాకు బెండకాయల మీద విపరీతమైన ఆసక్తి పుట్టేది.

కమిటీ పెద్దలు ఒక్కొక్కరే రిటైరై విజయనగరం, శ్రీకాకుళం వైపు వెళ్ళిపోయారు. పిల్లలు తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో రాసుకుని పాడసాగారు. కొత్తగా వచ్చిన పాస్టరుగారి ప్రసంగం సగం హిందీలోనే నడుస్తుంది. దీనికి ఎవరూ ఏ తీర్మానమూ చేయలేదు.

ఈమధ్య పాత ఫైళ్ళను కొత్త సాఫ్ట్‌వేరులోకి మార్చే పని నాకే అప్పగించారు. ఇలాంటివి చాలా చూశానని గొప్పగా ఒప్పుకున్నాను. ఫాక్స్‌ప్రోలో పేరు తీసెయ్యమంటే అది తీసెయ్యదు. పక్కన ఒక నక్షత్రం గుర్తు పెట్టి దాస్తుంది. నిజంగా పోవాలంటే ఇంకో ఆదేశం ఇవ్వాలి. నేను ఏనాడూ ఇవ్వలేదు. దయతో కాదు, బద్ధకంతో. ఆ గుర్తు ఉన్నవాళ్ళను వదిలెయ్యమని కొత్త సాఫ్ట్‌వేరుకు చెప్పడమూ మరిచాను. అందరూ కలిసి వచ్చేశారు.

ఏ వారం ఎవరింట్లో ప్రార్థన కూటమో ఇప్పుడు ఆ సాఫ్ట్‌వేరే నిర్ణయిస్తుంది. ఒక ఆదివారం పాస్టరుగారు ఆయన పేరు చదివారు. పాతవాళ్ళు కొందరు నా వైపు తిరిగారు. పొరపాటని లేచి చెబితే నా పనితనం బయటపడుతుంది. తల వంచుకుని కూర్చున్నాను. అది వినయమనుకున్నారు.

ఆయనకు ముందుగా కబురు పంపే పని ఇంకెవరో చేస్తారని అందరమూ అనుకున్నాం. రిటైరయ్యాక లీజుకు తీసుకున్న పాత ప్లాంటు క్వార్టరు తలుపు తీసి, మా గుంపును చూసి ఆయన అన్నాడు:

"ఏటి తమ్ముడూ, దారి తప్పినారేటి?"

"లేదన్నయ్యా. ఈ వారం మీ ఇంట్లోనే ప్రార్థన. అందరం అనుకున్నాం."

తలుపు రెండో రెక్క కూడా తీశాడు. తర్వాత లోపలికి తిరిగి, "ఒసే, చాపలు దించు. మనోళ్ళొచ్చినారు," అన్నాడు.

మరుసటి ఆదివారం చర్చికి వచ్చి, నన్ను మళ్ళీ కలిపింది ఈ తమ్ముడేనని సాక్ష్యం చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత చనిపోయిన ఒక పెద్దాయన ఇంటికి ప్రార్థన వంతు వచ్చింది. చనిపోయినవాళ్ళ పేర్లకూ పాత ఫైల్లో ఆ నక్షత్రమే ఉందని చెప్పాల్సి వచ్చింది. గుర్తు ఉన్న పేర్లన్నీ తీసెయ్యమన్నారు పాస్టరుగారు. అన్నీ అంటే అన్నయ్యది కూడా. ఆ ఒక్కటీ చప్పుడు చేయకుండా ఉంచేస్తే నా మంచితనం బండారం ఎప్పటికీ బయటపడదు. అయినా వెళ్ళి ఆయనకు అంతా చెప్పాను.

"అంటే నన్ను రానిచ్చింది మీరెవరూ కాదు, మిషనన్నమాట."

"అవునన్నయ్యా. తీసింది మాత్రం నేనే."

"అది నాకెప్పుడో ఎరికే. మరి నాను రావాలా వద్దా? సాఫ్‌గా చెప్పు."

"రావాలి."

"అయితే ఆ మాట సంఘంలో లేచి చెప్పు. నానూ వింటాను."

ఆ ఆదివారం ఆయన వెనక బెంచీలో ఉండగా లేచి చెప్పాను. తీసింది నేను, తెచ్చింది నా పొరపాటు, ఇప్పుడు తెలిసి అడుగుతున్నాను, ఉంచండి అన్నాను. ఉంచారు. ఎంత నిరాడంబరుడో చూడండంటూ నాకు మళ్ళీ చప్పట్లు కొట్టారు. అన్నయ్య కొట్టలేదు. ఆరాధన అయ్యాక పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఆదివారం బడి ఇప్పుడు ఏ గదిలో జరుగుతోందని అడిగాడు.