యొర్దాను వెడల్పు

తెరమీద బొమ్మ మారగానే తప్పు ఫొటో పెట్టారనుకున్నాను. బురదరంగు నీళ్లు, రెండు పక్కలా రెల్లు, ఇటు చెక్కమెట్లు, అటు చెక్కమెట్లు. తెల్ల గౌన్లు తొడుక్కున్న నలుగురైదుగురు నడుంలోతు నీళ్లలో నిలబడి నవ్వుతున్నారు. "ఇదేనండీ యొర్దాను నది," అన్నాడు ఫొటోలు చూపిస్తున్నాయన. నోట్లో పెట్టుకోబోయిన గారె నా చేతిలోనే ఉండిపోయింది.

అది అమెరికాలో, అరిజోనా ఎడారిలో ఉన్న చాండ్లర్‌లో మా తెలుగు ఫెలోషిప్. రెండువేల పన్నెండు ప్రాంతం. నెలకోసారి ఒక చర్చివాళ్ల హాల్లో కూడేవాళ్లం. పాటలు, ప్రార్థన, ఆ తర్వాత ఎవరింట్లో వండింది వాళ్లు తెచ్చుకుని అందరం కలిసి తినడం. ఆ నెల, కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో పనిచేసే ఒకాయన పరిశుద్ధ దేశం టూర్ వెళ్లొచ్చి, లాప్‌టాప్, ప్రొజెక్టరు తెచ్చి ఫొటోలు వేస్తున్నాడు. గలిలయ సముద్రం చూపించి, అది సముద్రం కాదు, పెద్ద మంచినీళ్ల సరస్సు అన్నాడు. సరేలే అనుకున్నాను. యెరికో చుట్టూ ఎండిపోయిన కొండలు చూపించాడు. అవి అచ్చం మా అరిజోనా కొండల్లాగే ఉన్నాయి. అంతవరకూ బాగానే ఉంది. యొర్దాను దగ్గరే నాకు బుర్ర తిరిగింది.

ఎందుకంటే నేను కోనసీమ పిల్లని. మా అత్తగారిదీ ఆ వైపే. మాకు నది అంటే గోదారే. పైగా మా మావగారు లంక గ్రామాల్లో పాస్టరు. ఎవరు పోయినా సమాధి దగ్గర ఆయనే వాక్యం చెప్పాలి. చనిపోవడమంటే యొర్దాను దాటడమని కదా మావాళ్లు చెప్పేది. ఆయన ఆ నదిని వర్ణించడం మొదలుపెడితే ఇక చూడాలి. శ్రావణంలో వచ్చే ఎర్రనీళ్లు, సుడిగుండాలు, వేళ్లతో సహా కొట్టుకొచ్చే చెట్లు, అవతలి గట్టు కంటికి ఆననంత వెడల్పు. పడవ లేదు, పంటు లేదు, ప్రభువు చెయ్యి పట్టుకుంటేనే దాటగలం అనేవారు. జనం బావురుమనేవాళ్లు. పెళ్లయిన కొత్తలో మొదటిసారి విన్నప్పుడు ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఇంత చెప్పే మనిషికి ఈత రాదు. గోదారి పాయల మధ్య పుట్టి పెరిగి కూడా, రేవు దాటించే పంటు ఎక్కితే సరిగ్గా నడిమధ్యన కూర్చుని కళ్లు మూసుకునేవారు. మా అత్తగారు పక్కనే కూర్చుని ఆయన చెయ్యి పట్టుకునేవారు. అవతలి రేవు తగిలాక "వచ్చేశాం, కళ్లు తెరవండి" అని ఆవిడ చెప్పాలి. అప్పటిదాకా తెరిచేవారు కాదు. పంటు మీద జనం ముసిముసిగా నవ్వుకునేవాళ్లు.

ఆయన పోయే వేళకి ఆ చెయ్యి పక్కన లేదు. ఆస్పత్రిలో నర్సు "కాసేపు బయట ఉండండమ్మా" అంటే ఆవిడ బయటకి వచ్చి కూర్చున్నారు. మళ్లీ లోపలికి పిలిచేసరికి అయిపోయింది. కొన్నాళ్లకి మా దగ్గరికి అమెరికా వచ్చారు. ఏడవరు. బాగానే తింటారు, మనవరాలికి జడలేస్తారు. కానీ ఏ పాస్టరు కనపడినా ఒకటే ప్రశ్న. "ఈత రాని మనిషండీ. నేను లేకుండా ఎలా దాటారంటారు?" ప్రభువు దాటిస్తాడమ్మా అనేవారు అందరూ. ఆవిడ తలూపేవారు గానీ ఆ మాట లోపలికి దిగినట్టు కనిపించేది కాదు. మా అపార్ట్‌మెంట్ల వెనక పెద్ద కెనాల్ ఉంది. సాయంత్రమైతే అందరూ దాని గట్టుమీద వాకింగ్ చేస్తారు. ఆవిడ అటువైపు తల కూడా తిప్పేవారు కాదు.

అలాంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని నేనీ ఫొటో చూస్తున్నాను.

"ఆ మెట్లవతల వేరే దేశమండీ," అంటున్నాడాయన. "ఆ షెడ్డు కింద కూర్చున్నోడు వాళ్ల సోల్జర్. మేం ఇటు పాట పాడుతుంటే అటువైపోళ్లు కూడా అందుకున్నారు."

"మరి నది ఏదండీ?" అన్నాను ఉండబట్టలేక.

"ఇదేనండీ నది! పైనంతా నీళ్లు పొలాలకి తోడేసుకుంటున్నారు. ఒకప్పుడు కోతలకాలంలో గట్లు దాటి పారేదంట. అయినా మన గోదారంత సీన్ ఎప్పుడూ లేదులెండి."

అప్పటికి రెండో తరగతిలో ఉన్న మా అమ్మాయి గట్టిగా అరిచింది. "నాన్నమ్మా, సేమ్ మన కెనాల్! మన కెనాల్ ఇంకా బిగ్ ఉంది!"

హాలంతా గొల్లుమంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. అన్ని సమాధుల దగ్గర అంతమందిని ఏడిపించింది ఈ పిల్లకాలవ కోసమా? ఇశ్రాయేలు జనం నలభై ఏళ్లు ఎడారిలో తిరిగి తిరిగి వచ్చి ఆగింది దీని ముందా? దేవుడి ఆజ్ఞలున్న మందసం మోసే యాజకులు కాలు పెట్టగానే నీళ్లు నిలిచిపోయాయని సండేస్కూల్లో చెబితే, ధవళేశ్వరం దగ్గర గోదారి నిలిచిపోయినట్టు ఊహించుకున్నదాన్ని నేను. ప్రభువు బాప్తిస్మం పొందిందీ ఇక్కడేనట, ఈ రెల్లు మధ్య! కుష్ఠు వచ్చిన సిరియా సేనాపతి ఒకడు, ఈ నీళ్లలో మునిగితే నయమవుతుందంటే మా దేశంలో ఇంతకన్నా మంచి నదులు లేవా అని అలిగి వెళ్లిపోబోయాడు. వాడు పొగరుబోతని మాకు నేర్పారు. ఆ సాయంత్రం నేను పూర్తిగా వాడి పక్షమే.

తర్వాత్తర్వాత మనసు కొంచెం చల్లబడింది. చాండ్లర్‌లో నాలుగు చినుకులు పడితే ఆఫీసంతా కిటికీల దగ్గరికి పరిగెడుతుంది. ఎండలో నడిచి నడిచి వచ్చిన ఆ ఇశ్రాయేలు జనానికి ఆపాటి నీళ్లే మహానది అయ్యుండాలి. బానిసలకి పుట్టిన పిల్లలు వాళ్లు. అది దాటితే అవతల సొంత నేల. అందుకే దాన్ని తరతరాలు పాడుకున్నారు. కానీ ఇదంతా తర్వాత తట్టిన మాట. ఆ పూట నాకు మోసపోయినట్టే ఉంది.

పక్కకి తిరిగి చూస్తే అత్తగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. కంచం కుర్చీలో పెట్టి లేచారు. నెమ్మదిగా నడిచి తెర దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. ఆ నది కొంచెం ఆవిడ తెల్లచీర మీద కూడా పడింది.

"బాబూ, లోతెంతుంటది?"

"మేం దిగినచోట నడుం దాకా ఉందండీ ఆంటీ. అడుగున బురద, కొంచెం జారుద్ది. అంతే."

ఆవిడ తలూపి వెనక్కొచ్చారు. ఇంట్లో రోజూ కుటుంబ ప్రార్థన ఆవిడే చేస్తారు, మా ఊళ్లో ప్రతి గడపనీ పేరుపేరునా తలుచుకుంటూ. ఆ రోజు "మీరు చేసుకోండమ్మా" అని గదిలోకి వెళ్లిపోయారు. అత్తయ్యగారికున్న ఒక్క ఆధారం, మావయ్యగారి వాక్యం, ఫొటోతో ఊడబెరికేశారు, చూడండి, అని మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "అమ్మకేం కాదులేవే" అన్నాడు. ఆ తాపీతనానికి ఇంకా మండింది.

తెల్లారి లేచి చూస్తే ఆవిడ మంచం ఖాళీ. వీధి తలుపు దగ్గరకి వేసి ఉంది. చెప్పులు లేవు. నాకు తోచింది ఒకటే చోటు, వెనకున్న కెనాల్. నైటీ మీదే పరిగెత్తాను.

కెనాల్ గట్టు చివర, నీళ్లకి బాగా దగ్గరగా నిలబడి ఉన్నారు. కుచ్చెళ్లు ఎత్తి పట్టుకున్నారు. చెప్పులు పక్కన విడిచి ఉన్నాయి.

"అత్తయ్యగారూ! ఆగండి!"

సైకిలు మీద పోతున్న ఒకాయన ఆగి చూశాడు. ఆవిడ వెనక్కి తిరిగారు.

"ఏంటే ఆ అరుపులు? పడిపోతాననా?"

వెళ్లి జబ్బ పట్టుకున్నాను. ఆవిడ నన్ను పట్టించుకోలేదు. ఇటు గట్టు చూసి, అటు గట్టు చూసి, మళ్లీ ఇటు చూశారు.

"నిజం చెప్పవే అమ్మాయ్. నిన్న ఆ బాబు చూపించింది ఇంతే ఉంది కదూ?"

"ఇంకా చిన్నదేనండీ."

"నడుంలోతు అన్నాడు."

"అవునండీ."

"మీ మావయ్యగారు పొడుగు మనిషి." తన నడుం దగ్గర చెయ్యి పెట్టి కొలత చూశారు. "పంచె ఎగ్గట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచెళ్లిపోయుంటారు. ఈత ఎందుకు దీనికి?" అంతలోనే కోపమొచ్చేసింది. "మరి అన్నేళ్లు అందర్నీ అంత హడలగొట్టేశారేంటే ఈ మనిషి! ఎప్పుడన్నా చూసొచ్చారా పెట్టారా!"

నాకు నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఆ మట్టిదారిలో కూలబడి ఏడ్చారు. ఆయన పోయాక ఆవిడ ఏడవడం అదే మొదలు. నేనూ పక్కనే కూర్చున్నాను. చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, కెనాల్ అవతలి గట్టు వైపు చూస్తూ, పంటు మీద చెప్పినట్టే మెల్లగా అన్నారు.

"వచ్చేశారండీ. ఇంక కళ్లు తెరవండి."